మార్తాండ పున్నమి

ఏ రాజ్యమో పేరు చెబితే ఆ వంశం వాళ్లెవరైనా ఇంకా మిగిలి ఉండి నా మీదికి తగాదాకు వస్తారేమో. అందుకని ఒకానొక రాజ్యం అనే అనుకుందాం. దాన్ని ప్రచండ మార్తాండదేవుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పన్నుల కోసం జనాన్ని పీడించేవాడు కాదు, యుద్ధాలంటే బద్ధకం. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, కంటబడిన ప్రతిదానికీ తన పేరు పెట్టుకోవడం.

ఊళ్లో వంతెన మార్తాండ వంతెన. దిగుడుబావి మార్తాండ బావి. చివరికి వంటశాలలో కాచే పులుసు కూడా మార్తాండ పులుసే. దాంట్లో ఉప్పు ఎక్కువైన రోజున బాగాలేదని అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. కళ్లు మూసుకుని మింగేసి, దివ్యంగా ఉందని లేచిపోయేవాళ్లు.

ఆ కొలువులో కొండన అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం, మరీ ఉబ్బిపోతున్నప్పుడు నొప్పి తెలియకుండా చిన్న సూది గుచ్చడం అతని ఉద్యోగం. కష్టమైన ఉద్యోగమే. సూది కాస్త లోతుగా దిగిందంటే తల దక్కదు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం రాజుగారు భోంచేసి కోట వెనక పెరట్లో పచార్లు చేస్తున్నారు. వెంట ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజి, తమలపాకుల పళ్లెంతో కొండన ఉన్నారు. చందమామ నిండుగా పైకి వచ్చాడు.

"సోమయాజీ, ఆ నల్లటి మచ్చ ఏమిటి? కుందేలంటారు, నిజమేనా?" అన్నాడు రాజు.

సోమయాజి కళ్లు చికిలించి చూశాడు. "పామరులకు కుందేలు ప్రభూ. నా కంటికి మాత్రం తమరి మీసకట్టులా కనిపిస్తోంది."

రాజు మీసం దువ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల దాసీలు మాట్లాడుకోవడం వినిపించింది. "జంధ్యాల పున్నమికి మబ్బు పట్టింది. ఏరువాక పున్నమికి వాన. ఈ కార్తీక పున్నమికైనా పిండారబోసినట్టు కాసింది, నయం," అంటోంది ఒకతె.

రాజు మొహం చిట్లించాడు. "ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారు?"

"జనమే ప్రభూ," అన్నాడు కొండన. "అరకలు కట్టే నాడు ఏరువాక పున్నమి, జంధ్యాలు మార్చుకునే నాడు జంధ్యాల పున్నమి, కాముణ్ణి కాల్చే నాడు కాముని పున్నమి. వాళ్లకు ఏ పని ఉంటే ఆ పేరు."

"రాజును నేనుండగా జనం పేర్లు పెట్టడమేమిటి? అందులోనూ నా మీసకట్టు ఉన్నదానికి."

మర్నాడే ఊరంతా దండోరా వేశారు. ఇకమీదట ప్రతి పున్నమికీ ఒకటే పేరు, శ్రీ ప్రచండ మార్తాండ పున్నమి. పాత పేరు పలికినవాళ్లను రాజ్యం పొలిమేర దాటిస్తారు. జనం చాటుమాటుగా ఏమంటున్నారో వినడానికి ఎర్రపోతు అనే తలారిని నియమించారు. ఆజానుబాహువు, ఆజ్ఞ అంటే ప్రాణం పెట్టేవాడు, ఆలోచన అనే బరువు ఎప్పుడూ నెత్తికెత్తుకోనివాడు.

కొండన ఒక మాట అని చూశాడు. "ప్రభూ, సూర్యుడి పేరు తీసుకెళ్లి చంద్రుడికి పెడితే, వాళ్లిద్దరిలో ఎవరికి కోపం వచ్చినా మనకు ఇబ్బందే కదా."

"ఇద్దరూ నా రాజ్యం మీదుగానే తిరుగుతున్నారు. కోపం వస్తే ఎటు పోతారు?" అన్నాడు రాజు. కొలువంతా చప్పట్లు కొట్టింది. కొండన కూడా కొట్టక తప్పలేదు.

మార్గశిరం వచ్చింది. ఆ నెలలో వచ్చేది కోరల పున్నమి. చలి ముదిరి పిల్లలకు జబ్బులు తగిలే కాలం. ఆ సాయంత్రం తల్లులు బిడ్డకొక రొట్టె చొప్పున కాలుస్తారు. బిడ్డ పంటిగాటు పడేలా ఒక ముక్క కొరికి, మిగతాది కుక్కకు వేస్తుంది. అలా చేస్తే యముడి కోరలు ఆ ఏడాది ఆ బిడ్డను ముట్టుకోవని నమ్మకం. కోరల పున్నమి అనే పేరు అందుకే వచ్చింది.

కొండన అత్తగారు పేరిందేవమ్మ పున్నమికి ముందే పిండి కొనడానికి అంగడికి వెళ్లింది. "కోరల పున్నమి రొట్టెలకమ్మా, కాస్త మెత్తటి పిండి ఇవ్వు," అంది. ఆమె వెనకాలే ఎర్రపోతు నిలబడి ఉన్నాడు. పిండితో సహా కొలువుకు నడిపించాడు.

ముసలమ్మను చూసి రాజుకు కాస్త జాలి కలిగింది. "పోనీ అవ్వా, ఇప్పుడు శ్రీ ప్రచండ మార్తాండ పున్నమి అని సభలో ఒకసారి అనెయ్యి. వదిలేస్తాను."

పేరిందేవమ్మ నోట్లో పన్నన్నది లేదు. పాపం, ప్రయత్నించింది. "చీ పచ్చండ..." దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే ఇంకో రకంగా వచ్చింది. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాయనా, బోసినోరు. పుట్టిన దగ్గర్నుంచీ అన్న పేరు తప్ప దీనికి వేరేది తిరగడం లేదు. ఈ వయసులో నన్నెందుకు కష్టపెడతావు?" అంది.

రాజుకు జాలి ఎగిరిపోయింది. తన పేరు నోరు తిరగదనడం ఆయనకు రాజద్రోహం కన్నా పెద్ద నేరంగా తోచింది. ఈ పున్నమి మర్నాడు పొద్దు పొడిచేలోగా ఆమె పొలిమేర దాటాలని తీర్పు చెప్పేశాడు.

కొండన కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, ఆమె మా అత్త."

"నీ అత్త అయినా, నా అత్త అయినా, నేనే అయినా శాసనం శాసనమే," అన్నాడు రాజు. తల వంచుకుని ఉన్న కొండన ఆ మాట వినగానే ఇంకేమీ బతిమాలకుండా లేచి నిలబడ్డాడు.

ఊళ్లో అల్లుళ్లు కొందరు కొండనను చూసి అసూయపడ్డారు. అత్తను రాజుగారే స్వయంగా పంపించేస్తున్నారు, ఇంతకన్నా అదృష్టం ఏముంటుందని చెవులు కొరుక్కున్నారు. వాళ్లకేం తెలుసు? తల్లీ తండ్రీ లేక, సత్రాల్లో అన్నం తింటూ తిరుగుతున్న కొండనను పిలిచి ఇంట్లో పెట్టుకుని, ఉన్న ఒక్క కూతురినీ ఇచ్చిన మనిషి పేరిందేవమ్మ. అమ్మ అనే పిలుపు అతనికి ఆమె దగ్గరే తీరింది. పొలిమేర అవతల ఆమెకు నా అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు. ప్రతి నెలా వెన్నెల రోజుల్లో అక్కడ కూర్చోవడం ఆ ఇంటి అలవాటు. చందమామ ఇంకా పూర్తిగా నిండలేదు.

"నువ్వు బెంగపడకు అబ్బాయ్. ఏ ఊరు పోయినా వీడు నా వెంటే వస్తాడు," అంది ముసలమ్మ పైకి చూపిస్తూ. "పిల్లల రొట్టెలు మాత్రం మరిచిపోవద్దని అమ్మాయికి చెప్పు. పెద్దదానికి మందంగా కాల్చాలి, లేకపోతే కొరకనని పేచీ పెడుతుంది."

కొండన మాట తప్పించడానికి పక్క పెరట్లోకి చూశాడు. అక్కడ లచ్చి అనే ఆవిడ కొడుకుతో మాట్లాడుతోంది. "ఈసారి ఏం పున్నమే అమ్మా?" అని వాడు అడిగాడు. "మార్తాండ పున్నమిరా. గట్టిగా అను, తలారి వింటాడు," అంది లచ్చి. "మార్తాండ పున్నమికి ఏం చేస్తారే?" అన్నాడు వాడు. లచ్చి కాసేపు ఆలోచించి, "ఏమో, అప్పుడు చూద్దాంలే," అంది.

కొండన నిటారుగా కూర్చున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పున్నమి నాటి ఉదయం రాజు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, అత్త సంగతి అడగడానికి రాలేదు. ఒక మాట విన్నవించుకుందామని. మా వీధిలో ఏ పెరట్లో విన్నా తమ పేరే మోగిపోతోంది. పిల్లల నోట కూడా అదే. అది ఇక్కడ కూర్చుంటే వినబడదు. పల్లకీలో వస్తే భయపడి నోళ్లు మూసుకుంటారు. ఒక కంబళి కప్పుకుని మా చిక్కుడు పందిరి కింద కూర్చుంటే తమ కీర్తి తమ చెవులతో వినవచ్చు."

తన కీర్తి అనేసరికి రాజు ఎక్కడికైనా వస్తాడు. సాయంత్రం పొద్దు గూకుతుండగానే గొంగళి ముసుగులో రాజు, ఇంకో గొంగళిలో సోమయాజి కొండన పెరటి దారిన వచ్చారు. పందిరి కింద పీటలు వేసి ఉన్నాయి. అప్పుడే తూర్పున తాళ్లతోపు వెనక నుంచి రాగి పళ్లెమంత చందమామ లేచాడు. పందిరి కింద మాత్రం నీడ. చుట్టూ దడులే, గోడలు లేవు. ఎవరింట్లో చెంబు కిందపడ్డా వినిపిస్తుంది.

మొదటి గొంతు లచ్చి కొడుకుది. "అమ్మా, మార్తాండ పున్నమి రొట్టె ఏదీ?"

రాజు మోచేత్తో సోమయాజిని పొడిచాడు. "విన్నావా? పసివాడు."

"వేదం ఘోషించినట్టుంది ప్రభూ," అన్నాడు సోమయాజి.

"ఇదిగోరా. ఓ ముక్క కొరికి కుక్కకు వెయ్యి," అంది లచ్చి.

"మార్తాండ పున్నమికి కుక్కకెందుకు వెయ్యాలే?"

లచ్చి పాత పేరు చెబితే సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆ పేరు చెప్పకూడదు. చెప్పకపోతే పిల్లాడు ఊరుకోడు. "రాజుగారిని చిన్నప్పుడు కుక్క కరిచి ఉంటుందిరా. అందుకని," అంది.

పందిరి కింద రాజు పీట ముందుకు జరుపుకున్నాడు.

అవతలి పెరట్లోంచి ఓ ముసలాయన అందుకున్నాడు. "నీకెవరు చెప్పారే లచ్చీ, తప్పు. కుక్క రాజుగారిని కరవలేదు. రాజుగారే కుక్కను కరిచారట."

"అయ్యో పాపం," అంది ఇంకో పెరట్లోంచి ఒకావిడ.

"రాజుగారికా?"

"కాదు మామా, కుక్కకి."

కొండన వాళ్లకు ముందే ఏమైనా నూరిపోశాడా అని మీకు అనుమానం రావచ్చు. లేదు. ఆ అవసరమే లేదు. ఎందుకు చేస్తున్నామో చెప్పే పేరు పోయాక, చేసే పని మాత్రం మిగిలితే, జనం కారణం లేకుండా ఊరుకోరు. దొరికినదాన్ని అతికిస్తారు. వాళ్లకు దొరికింది రాజుగారి పేరు. దండోరా ప్రకారమే మాట్లాడుతున్నారు కాబట్టి భయం కూడా లేదు. దడి వెనక పొంచి ఉన్న ఎర్రపోతు అంతా వింటూ, ఒక్కరూ తప్పు మాట అనడం లేదని మెచ్చుకుంటున్నాడు.

"ఏమిటిది? ఈ రొట్టెల గొడవ ఏమిటి? నా పున్నమికీ కుక్కలకూ సంబంధం ఏమిటి?" అన్నాడు రాజు పళ్లు నూరుతూ.

"కారణం ఉంది ప్రభూ. అది పాత పేరులోనే ఉంది. పలికి మా అత్త వెనకే నడిచే ధైర్యం నాకు లేదు. సోమయాజిగారు పెద్దవారు, ఆయన సెలవిస్తారు," అన్నాడు కొండన.

సోమయాజి గొంగళి మొహం మీదికి లాక్కున్నాడు. "నాకు ఈ చలిలో గొంతు పట్టేసింది ప్రభూ," అన్నాడు.

ఇంతలో లచ్చి కొడుకు రొట్టె రుచిగా ఉందని మొత్తం తినేయబోయాడు. లచ్చి కంగారుగా వాడి చెయ్యి పట్టుకుంది. "ఒరే, మొత్తం తినకు. కుక్కకు వెయ్యకపోతే రాత్రికి మార్తాండుడు వచ్చి కోరలతో కొరికి పట్టుకుపోతాడు."

పిల్లాడు గట్టిగా ఏడుపు లంకించుకున్నాడు. "వద్దే, మార్తాండుడు వద్దే," అని తల్లి చీర కుచ్చెళ్లలో దూరాడు. వాడి ఏడుపు విని పక్కిళ్లలో పిల్లలు కూడా అందుకున్నారు. "మార్తాండుడు మనింటికి రాడులే, మన రొట్టె వేసేశాంగా," అని తల్లులు సముదాయించడం మొదలుపెట్టారు. వీధి వీధంతా తన పేరు చెప్పి పిల్లలను జడిపిస్తుంటే రాజు ఎంతసేపని ఓర్చుకుంటాడు?

చిన్నప్పటి రొట్టె గుర్తొచ్చి, పీట తన్నేసి లేచి, దడి మీదుగా అరిచాడు. "ఒసే, నీ బిడ్డను కొరకడానికి నాకేం పట్టింది? ఇది నా పున్నమి కాదు, కోరల పున్నమి. కోరలు యముడివి, నావి కావు. కోరల పున్నమికి మా అమ్మ కూడా రొట్టె కాల్చింది, నేనూ కొరికి వేశాను. తెలియకపోతే తెలుసుకో, కోరల పున్నమి."

అన్నాడో లేదో, దడి సందులోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన మెడ దగ్గర కంబళిని ఒడిసి పట్టుకుంది.

"దొరికావు," అన్నాడు ఎర్రపోతు. "ఊరంతా బుద్ధిగా ఉంటే నీకేం పోయేకాలం? అన్నదే అంటున్నావు. నడు పొలిమేరకు."

"వదులు. నేనెవరో తెలుసా?"

"ఎవరైతే నాకేం? నేనే అయినా శాసనం శాసనమే అన్నారు ప్రభువు. నా చెవులతో విన్నాను." అంటూ కంబళి లాగాడు. వెన్నెల్లో ఆ మొహం, ఆ మీసం కనిపించాయి. అయినా ఎర్రపోతు పట్టు వదల్లేదు. "ప్రభూ, తమరా? పట్టుకోమన్నదీ తమరే. వదలమంటున్నదీ తమరే. ఏ ఆజ్ఞ చెల్లుతుందో అది కూడా తమరే సెలవియ్యాలి. అప్పటిదాకా పట్టుకునే ఉంటాను."

రాజు సోమయాజి వైపు చూశాడు. ఆయన గొంగళి లోపల ఉన్నాడో లేడో కూడా తెలియడం లేదు. రాజు కొండన వైపు తిరిగాడు.

కొండన వినయంగా ముందుకు వచ్చాడు. "ఇందులో ఇబ్బందేముంది ప్రభూ? రేపు పొద్దున మా అత్త ఎలాగూ వెళ్తోంది. ఒకే బండిలో ఇద్దరూ వెళ్లవచ్చు. ఆమెకు తోడు దొరికినట్టుంటుంది. తమరికి దారి పొడుగునా అన్నం వండిపెడుతుంది. పున్నమి పున్నమికీ ఆ రోజు ఏం చెయ్యాలో చెబుతుంది. పేరు మాత్రం అడగకండి. పాతది చెబితే అవతలి రాజ్యం దాకా తరమాలి, కొత్తదానికి ఆమె నోరు తిరగదు."

రాజు మీసం అదిరింది. కోపమేమోనని ఎర్రపోతు కళ్లు మూసుకున్నాడు. అది కోపం కాదు. ముందు పెదవి చివర మొదలైన నవ్వు పొట్ట దాకా దిగి, ఆయన దడి పట్టుకుని ఊగిపోతే చిక్కుడు పందిరి కూడా ఊగింది. పక్క పెరళ్లలో పిల్లలు ఏడుపు ఆపి ఆ నవ్వు విన్నారు.

"కొండనా, నన్ను నా నోటితోనే పట్టించావు. ఎర్రపోతూ, శాసనం రద్దు. ఇక మెడ వదులు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆ చప్పుడుకు పేరిందేవమ్మ రొట్టెల పళ్లెంతో వంటింట్లోంచి వచ్చింది. ఆమెకు చూపు కూడా అంతంతమాత్రమే. "ఎవరబ్బాయ్, ఈ పెద్దమనిషి? ఇంకా కొరకలేదా? అమ్మ లేదేమో పాపం. ఇదిగో నాయనా, ఓ ముక్క కొరికి కుక్కకు వెయ్యి," అని ఒక రొట్టె ఆయన చేతిలో పెట్టింది.

రాజు ఆ రొట్టె వైపు కాసేపు చూశాడు. తల్లి పోయాక ఆయన కోసం ఎవరూ రొట్టె కాల్చలేదు. పొలిమేర దాటించబోయిన చేతికే ఆమె అది ఇస్తోందని ఆయనకు సిగ్గేసింది. చిన్నపిల్లాడిలా ఒక ముక్క కొరికి, మిగతాది వాకిట్లో తోకాడిస్తున్న కుక్కకు వేశాడు.

"కొండనా, ఏం కావాలో కోరుకో. అగ్రహారం కావాలా, ఏనుగు కావాలా?"

"మా అత్తను ఇప్పించండి ప్రభూ."

రాజుకు మళ్లీ నవ్వు వచ్చింది. "అత్తను వదిలించమని నా దగ్గరికి ఎంతోమంది అల్లుళ్లు వచ్చారు. ఇప్పించమని అడిగినవాడివి నువ్వొక్కడివే. తీసుకో. అత్తను ఇస్తే చాలదు, ఇదీ తీసుకో," అని చేతికున్న బంగారు కడియం తీసి అతనికి తొడిగాడు. కొండన అత్త పక్కన నిలబడి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఎదురుగా ఉన్నది ఎవరో పేరిందేవమ్మకు అప్పటికి అర్థమైంది. అయినా కంగారుపడలేదు. రాజు ఆమె ముందు కొంచెం వంగి, చుట్టుపక్కల ఎవరికీ వినబడకుండా అడిగాడు. "అవ్వా, ఉన్నమాట చెప్పు. ఇన్ని పున్నములున్నాయి కదా. నా పేరు మీద ఒక్కటి కూడా ఉండదా?"

"ఎందుకుండదు నాయనా?" అంది ముసలమ్మ. "దడుల మీదుగా ఎంతమంది తొంగి చూస్తున్నారో చూడు. తెల్లారేసరికి వాళ్లే పెట్టేస్తారు, రాజు చిక్కిన పున్నమి అని. నువ్వు దండోరా కూడా వెయ్యనక్కర్లేదు."

రాజు పగలబడి నవ్వాడు. తలారి నవ్వాడు. ఆఖరికి సోమయాజి కూడా గొంగళిలోంచి బయటికి వచ్చి నవ్వాడు. ముసలమ్మ చెప్పినట్టే అయింది. ఆ వీధి వాళ్లు తరవాత ఎన్నో ఏళ్లు ఆ పున్నమిని అలాగే పిలుచుకున్నారు. పేరు ఎందుకొచ్చిందని పిల్లలు అడిగితే, తడుముకోకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పేవాళ్లు.